అన్నా, తమ్ముడా? ఆంటిగొనీ ఇంటి వరసలు

సందేహం: మా విద్యార్థుల చేత వేయించడానికి ‘ఆంటిగొనీ’ నాటకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసుకుంటున్నాను. మొదటి పేజీలోనే ఆగిపోయాను. ‘బ్రదర్’ అని ఉన్నచోట అన్న అనాలా, తమ్ముడు అనాలా? ‘సోదరుడు’ అంటే వార్తలు చదువుతున్నట్టు ఉంది. క్రియాన్ ఆ పిల్లకు ‘అంకుల్’, హేమన్ ‘కజిన్’. వీళ్లను ఏ వరసతో పిలిపించాలి?

సమాధానం: అక్కడ ఆగి ఆలోచించడం మంచి పని చేశారు. ఈ కథంతా వావివరసలు తారుమారైన ఒక ఇంటి కథ. వరస తప్పు రాస్తే నాటకమే దెబ్బతింటుంది.

థీబ్స్ రాజు ఈడిపస్ తెలియక తండ్రిని చంపి, తల్లి జొకాస్టాను పెళ్లాడాడు. వాళ్లకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కొడుకులు రాజ్యం కోసం కొట్టుకుని ఒకరి చేతిలో ఒకరు పోయారు. జొకాస్టా తోబుట్టువు క్రియాన్ రాజయ్యాడు. ఆ ఇద్దరిలో ఎటియొక్లీస్‌కు అంత్యక్రియలు జరిపించి, ఊరి మీదికి దండెత్తి వచ్చిన పాలినైసిస్ శవాన్ని మాత్రం కుక్కలకూ పక్షులకూ వదిలేయమన్నాడు. ఆ శవం మీద మట్టి వేసి క్రియాన్ చేతిలో చావుశిక్ష తెచ్చుకుంది ఈడిపస్ కూతురు ఆంటిగొనీ.

ముందు అన్నాతమ్ముడి సంగతి. దీన్ని రాసిన గ్రీకు నాటకకర్త సొఫోక్లీస్ ఈ నాటకంలో ఆ కొడుకుల వయసుల గురించి స్పష్టంగా చెప్పలేదు. ఆయనే చివరి రోజుల్లో రాసిన ‘కొలోనస్‌లో ఈడిపస్’ (ప్రదర్శన క్రీ.పూ. 401) లో మాత్రం పెద్దవాణ్ని నేనైతే చిన్నవాడు నన్ను వెళ్లగొట్టాడని పాలినైసిస్ వాపోతాడు. మరో గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ తన ‘ఫినీషియా స్త్రీలు’లో దీన్ని తిరగేసి పాలినైసిస్‌ను చిన్నవాణ్ని చేశాడు. మీది సొఫోక్లీస్ నాటకం కాబట్టి ఆయన మాటే పట్టుకోండి. పైగా సొఫోక్లీస్‌దే ఇంకో నాటకం ‘ఈడిపస్ రాజు’లో ఈడిపస్ తన కళ్లు పొడుచుకున్నాక, కొడుకులు మగవాళ్లు, ఎలాగో బతుకుతారు, ఆడపిల్లల్ని చూసుకోమని క్రియాన్‌ను బతిమాలుకుంటాడు. దాన్నిబట్టి ఆంటిగొనీకి ఇద్దరూ అన్నలే అనుకోవచ్చు. పాలినైసిస్‌ను ‘పెద్దన్న’, ఎటియొక్లీస్‌ను ‘చిన్నన్న’ అనిపించండి. ఇస్మీన్ చెల్లెలు.

ఒక్కచోట మాత్రం ‘అన్న’ అనకండి. చావుకు వెళ్తూ ఆంటిగొనీ అంటుంది: మొగుడు పోతే ఇంకొకడు దొరుకుతాడు, బిడ్డ పోతే మరో బిడ్డను కనవచ్చు, అమ్మానాన్నా చనిపోయాక బ్రదర్ మాత్రం మళ్లీ పుట్టడు అని. ఇక్కడ ‘అన్న మళ్లీ పుట్టడు’ అని రాస్తే తర్కం కూలిపోతుంది. అమ్మానాన్నా బతికే ఉన్నా అన్న కొత్తగా పుట్టడు కదా, పుడితే తమ్ముడే పుడతాడు! అందుకని అక్కడ ‘తోడబుట్టినవాడు’ అనండి.

మీకు నచ్చని ‘సోదరుడు’ను కూడా పూర్తిగా పక్కన పెట్టకండి. గ్రీకులో ఆ మాట ‘అదెల్ఫోస్’. ‘అ’ అంటే ఒకే, ‘దెల్ఫుస్’ అంటే గర్భం. సోదర, సహోదర శబ్దాల్లోనూ ఉన్నది ఉదరమే. ఈడిపస్ తన పిల్లలకు తండ్రీ, సహోదరుడూ అని గుడ్డి జోస్యుడు టైరీసియస్ ముందే చెబుతాడు. ఆ ‘ఈడిపస్ రాజు’ నాటకం కూడా ఎప్పుడైనా వేయిస్తే ఆ మాటను అలాగే ఉంచండి. ‘ఒకే కడుపున పుట్టినవాడు’ అన్న అర్థం అక్కడ అక్షరాలా నిజం. ‘అన్న’ అంటే ఆ భయం రాదు.

ఇక ‘అంకుల్’. దయచేసి బాబాయి అనకండి. క్రియాన్ తల్లి వైపువాడు, మేనమామ. బాబాయి అన్నారంటే ఆయన కొడుకు హేమన్ ఆంటిగొనీకి అన్నో తమ్ముడో అవుతాడు, వాళ్ల పెళ్లి ఖాయం కావడం మన ప్రేక్షకులకు ఘోరంగా తోస్తుంది. తప్పిన వరసల మధ్య ఆ ఇంట్లో సరిగ్గా కుదిరిన వరస బహుశా ఇదొక్కటే: హేమన్ ఆమెకు మేనబావ, మేనరికం. ‘బావ’ అనే పిలిపించండి. కజిన్ అనే మాటలో ఈ చనువు లేదు.

ఇక్కడ తెలుగు మీకు చేసే సాయం చాలా పెద్దది. క్రియాన్ మేనమామా, కాబోయే మామగారూ. రెండింటికీ మనకు ఒకటే మాట, మామ. మనలో చాలా ఇళ్లలో పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చేది మేనమామ. ఈ మేనమామ ఆ పిల్లను బతికుండగానే రాతిగుహలోకి పంపుతాడు. గుహ వైపు నడుస్తూ ఆమె దాన్ని సమాధీ, నా పెళ్లిగదీ అని పిలుస్తుంది. ‘మామయ్యా’ అనే పిలుపు అంతకుముందు నాలుగైదుసార్లు వినబడి ఉంటే చాలు, ఇక్కడ వేరే వ్యాఖ్యానం రాయనక్కర్లేదు.

కన్నకొడుకు పెళ్లాడబోయే పిల్లనే చంపుతావా అని ఇస్మీన్ క్రియాన్‌ను నిలదీసే వాక్యం ఒకటి ఉంది. ఇంగ్లీషు మాటల వెంట పోకుండా దాన్ని ఇలా రాసి చూడండి: ‘మామయ్యా, నీ కోడల్ని నువ్వే చంపుకుంటావా?’ మేనకోడలూ, ఇంటికి రాబోయే కోడలూ ఇద్దరూ ఆ ఒక్క మాటలోనే వస్తారు.