గాలం సామానుకు 38 వేల అప్పు వద్దు, ముందు అత్యవసర నిధి

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. వయసు 33. చేతికి నెలకు 34 వేల రూపాయలు వస్తాయి. భార్య, ఐదేళ్ల పాప, అమ్మ నా మీద ఆధారపడి ఉన్నారు. అద్దె 7,500, ఇంటి ఖర్చు 11 వేలు, పాప బడి 2,600, అమ్మ మందులు 2,000, బండి వాయిదా 3,200, పెట్రోలు, ఫోన్లు కలిపి 2,100. క్రెడిట్ కార్డు మీద 22 వేల బాకీ ఉంది. నెలనెలా కనీస మొత్తం 1,100 కడుతున్నాను. బ్యాంకులో 6 వేలున్నాయి. ఆదివారాలు మిత్రులతో చెరువుల దగ్గర చిన్న చేపలకు గాలం వేయడం అలవాటైంది. అమెరికాలో బ్లూగిల్, క్రాపీ చేపలు పట్టే వీడియోలు చూసి మూడు కర్రలు, రెండు రీళ్లు, లూర్ల (కృత్రిమ ఎరల) పెట్టెలు కలిపి 38 వేల సామాను ఎంచుకున్నాను. జాబితా జతచేశాను. ఒక లోన్ యాప్ 17 శాతం వడ్డీకే ఇస్తానంటోంది. 12 నెలలు, నెలకు 3,700 కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. ఫోన్‌లోని కాంటాక్టులు చూసేందుకు అనుమతి అడుగుతోంది. నెలకు 4,500 మిగులుతుంది కాబట్టి కట్టగలను. తీసుకోవచ్చా? లేక చిట్టీ పాడుకోవడం మేలా? తక్కువ ఖర్చులో సామాను ఎలా ఎంచుకోవాలో కూడా చెప్పండి.

జవాబు: తీసుకోవద్దు. చిట్టీ కూడా పాడవద్దు. సామాను మాత్రం కొనుక్కోండి, 1,500 రూపాయల్లో. ఎలాగో చెబుతాను. ముందు మీరు రాసిన ఒక మాట గురించి మాట్లాడుకోవాలి.

“నెలకు 4,500 మిగులుతుంది కాబట్టి కట్టగలను” అన్నారు. నాకు వచ్చే ఉత్తరాల్లో వస్తువు మారుతుంది, ఈ మాట మారదు. ఒకరు ఫోన్ కోసం అంటారు, ఒకరు బండి కోసం, ఒకరు టీవీ కోసం. నెలాఖరుకు నాలుగు రూపాయలు కనిపించగానే వాటిని ఎవరికో వాయిదాగా రాసిచ్చేయడం ఇప్పుడు ఇంటింటా జరుగుతున్న తప్పు. మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం అదే.

అసలు మీకు 4,500 మిగలడం లేదు. మీ లెక్క మరోసారి చూడండి. అందులో దసరా లేదు. బతుకమ్మకు ఇంట్లో ఇద్దరికి చీరలు, పాపకు బట్టలు, ఊరికి పోయిరావడం లేవు. జూన్‌లో బడి తెరిచినప్పుడు కట్టే ఫీజు, పుస్తకాలు, యూనిఫారం లేవు. బండి బీమా లేదు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర లేదు. బంధువుల ఇళ్లలో పెళ్లిళ్ల కట్నాలు లేవు. ఇవేవీ అనుకోకుండా వచ్చే ఖర్చులు కావు, తేదీ చెప్పి మరీ వస్తాయి. మీ కార్డు మీద 22 వేలు ఎలా పేరుకున్నాయో మీరు రాయలేదు. ఒకసారి పాత బిల్లులు తీసి చూడండి, ఎక్కువ భాగం ఇలాంటివే ఉంటాయని నా నమ్మకం.

తేదీ చెప్పకుండా వచ్చేవి వేరే ఉన్నాయి. 2023 జూలై చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు బండి ఇంజిను బాగుచేయించాలి, ఫ్రిజ్ పోతుంది, కొన్ని రోజులు పనికి పోలేరు, అద్దె మాత్రం ఆగదు. నలుగురు ఒక్క జీతం మీద బతికే ఇంట్లో 6 వేలు ఎన్నాళ్లొస్తాయి? మీ నెల ఖర్చు 28,400. అంటే మీ దగ్గరున్నది వారం రోజుల ఖర్చుకన్నా తక్కువే. ఈ స్థితిలో ఉన్న మనిషి ఏడాది పాటు నెలకు 3,700 కడతానని సంతకం పెట్టడం నాకు భయంగా ఉంది. మీ అమ్మగారికి ఒక రాత్రి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, అడ్వాన్సు కట్టడానికి మీరు మళ్లీ అదే యాప్ తెరుస్తారు.

ఇప్పుడు ఆ 17 శాతం సంగతి. మీరు 38 వేలకు 44,400 కడతారు. అదనంగా కట్టే 6,400ను 38 వేలతో భాగిస్తే 17 శాతంలా కనిపిస్తుంది. అయితే ఆ 38 వేలు ఏడాదంతా మీ దగ్గర ఉండవు. నెలనెలా అసలు తీరుస్తూ పోతారు, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే లెక్కగట్టారు. పైగా 3 శాతం ఫీజు 1,140, దాని మీద 18 శాతం జీఎస్టీ 205 ముందే కోసుకుంటే మీ చేతికొచ్చేది 36,655. ఆ లెక్కన అసలు రేటు ఏడాదికి దాదాపు 37 శాతం. మన భాషలో చెప్పాలంటే నూటికి మూడు రూపాయల పైచిలుకు వడ్డీ. గాలం కర్రల కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నానని మీ అమ్మగారితో చెప్పి చూడండి, ఏమంటారో. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ వార్షిక రేటును అప్పు ఇచ్చేముందు ఒక పత్రంలో రాసి చూపాలి. ఆ పత్రం అడగకుండా 17 శాతం మాటను నమ్మకూడదు.

కార్డు సంగతి ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. సాధారణంగా కార్డు బాకీ మీద నెలకు దాదాపు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. మీ 22 వేల మీద అది 770, దానికి జీఎస్టీ 139. మీరు కట్టే 1,100లో అసలుకు చేరేది 190 రూపాయలు. ఇంకొకటి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీర్చకుండా కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, దానికి వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి యాప్ వద్దన్నాను కదా అని ఈ సామాను కార్డు మీద కొనవద్దు. బాకీ తీరేదాకా కార్డును బీరువాలో పెట్టండి, ఫోన్‌లోని షాపింగ్ యాప్‌ల నుంచి దాని నంబరు తీసేయండి.

ఇక సామాను. మీ జాబితా చదివాక నాకు ఇంకా బాధేసింది, ఎందుకంటే ఆ 38 వేలలో చాలా భాగం మీ చేపలకు పనికిరాదు. బ్లూగిల్, క్రాపీ ఉత్తర అమెరికా మంచినీటి చేపలు. బ్లూగిల్ నోరు చాలా చిన్నది. క్రాపీ నోరు కాస్త పెద్దదే అయినా దాని చుట్టూ పొర పల్చగా ఉంటుంది, గట్టిగా గుంజితే చిరిగి చేప పోతుంది. అందుకే అక్కడ వీటికి ఐదారు అడుగుల తేలిక కర్ర, చిన్న రీలు, రెండు నుంచి ఆరు పౌండ్ల నైలాన్ తంగూసు, రెండు గ్రాముల లోపు బరువుండే చిన్న జిగ్‌లు, అంటే తలకు సీసం గుండు బిగించిన లూర్లు వాడతారు. పిల్లలకు గాలం నేర్పేది కూడా ఎక్కువగా ఈ చేపలతోనే. మీ జాబితాలో ఉన్న 10, 15 గ్రాముల లూర్లు, 20 పౌండ్ల అల్లిక దారం, పెద్ద రీళ్లు బాస్ లాంటి పెద్ద నోటి చేపల కోసం చేసినవి. వీడియోలో చూపించే చేప ఒకటి, కింద అమ్మే లంకెలో ఉన్న సామాను ఇంకొకటి.

మన చెరువుల్లో మీకు చిక్కేవి జిలేబీలు, జెల్లలు, బుడ్డపరకలు. జిలేబీ నోరు కూడా చిన్నదే. దానికి రీలు అక్కర్లేదు. పది పన్నెండు అడుగుల వెదురు కర్ర, లేదా ఒకదాంట్లో ఒకటి జొరబడే తేలికపాటి మడత కర్ర చాలు. నాలుగు పౌండ్ల నైలాన్ తంగూసు ఒక చుట్ట తీసుకోండి. నైలాన్ కాస్త సాగుతుంది కాబట్టి పల్చటి పెదవి చిరగదు, అల్లిక దారం కన్నా చవక కూడా. గాలపు ముళ్లు 8 నుంచి 12 నంబరు వరకు కలిపి ఒక పొట్లం. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుందని గుర్తుంచుకోండి, కొత్తవాళ్లు ఇక్కడే తలకిందులుగా కొంటారు. బెండు లావుగా ఉండకూడదు. చిన్న చేప ఎరను తాకితే లావు బెండు కదలదు, మీకు తెలియదు. సన్నటి బెండు తీసుకుని, దాని కొన మాత్రమే నీటి పైన కనిపించేలా చిన్న సీసం గుండ్లు బిగించండి. ఎరకు వానపాములు, గోధుమపిండి ముద్ద. వీటికి ఖర్చు లేదు. లూర్ల మీద అంతగా మనసుంటే ఒకటి రెండు గ్రాముల జిగ్‌లు ఆరు, ఒక లేతది, ఒక ముదురు రంగు, అంతే. మిగతా పెట్టెలన్నీ జాబితా నుంచి కొట్టేయండి. కొర్రమీను పట్టాలనుంటే మాత్రం ఈ సామాను ఆగదు, దానికి గట్టి కర్ర, కప్ప ఆకారపు లూరు కావాలి. అది అత్యవసర నిధి పూర్తయ్యాక ఆలోచించవలసిన ఖర్చు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. చాలా ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్య సహకార సంఘానిది. ముందే అడిగి వేయండి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం తీయవద్దు.

డబ్బు ఇలా నడపండి. ఈ నెల మిగిలే 4,500లో 1,500 గాలానికి, 3,000 బ్యాంకుకు. అప్పుడు నిల్వ 9 వేలవుతుంది, దాన్ని కదపవద్దు. వచ్చే నెల నుంచి ఆ 4,500కు ఇప్పుడు కడుతున్న 1,100 కలిపి 5,600 కార్డుకే కట్టండి. ఐదు నెలల్లో బాకీ తీరుతుంది. ఆ తర్వాత అదే 5,600 వేరే బ్యాంకులో, యూపీఐకి జతచేయని ఖాతాలోకి, జీతం పడిన మర్నాడే వెళ్లిపోవాలి. మూడు నెలల ఖర్చు, అంటే 85 వేలు చేరేదాకా ఆపవద్దు. దసరాకూ బడి ఫీజుకూ కొన్ని నెలలు తగ్గుతుంది కాబట్టి ఏడాదిన్నర పట్టవచ్చు. పట్టనివ్వండి. బోనస్ వస్తే సగం ఇందులోకే. ఈ నిధి పండక్కి కాదు, కొత్త రీలుకు కాదు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా, ఇంట్లోకి నీళ్లొచ్చినా తీయడానికి.

మిగతావి క్లుప్తంగా. చిట్టీని మొదటి నెలల్లో పాడుకుంటే వదులుకునే సొమ్మే ఎక్కువ, పైగా చివరిదాకా వాయిదా తప్పదు. రిజిస్టరు కాని చిట్టీ అయితే ఆ వైపే వెళ్లవద్దు. ఇంట్లో బంగారం కుదువపెట్టి కార్డు తీర్చే ఆలోచన వస్తే మానుకోండి, ఐదు నెలల్లో తీరే బాకీ అది. బీమా గురించి మీరేమీ రాయలేదు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా, కార్డు తీరగానే తీసుకోండి. ఈలోగా మీ బ్యాంకులోనే ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా పథకాల్లో ఈ వారమే చేరండి. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే పెట్టుబడి), షేర్లు ఇప్పుడు మీ విషయం కాదు.

చివరగా ఆ యాప్. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. మీ యాప్ కాంటాక్టులు అడుగుతోందని మీరే రాశారు. రేపు ఒక వాయిదా ఆలస్యమైతే మీ పైఅధికారికీ మీ బావమరిదికీ ఫోన్లు చేయడానికే ఆ జాబితా. ఇప్పటికే అనుమతి ఇచ్చి ఉంటే సెట్టింగుల్లోకి వెళ్లి రద్దు చేసి, దరఖాస్తు ఉపసంహరించుకుని, ఈ రోజే ఆ యాప్ తీసేయండి.