కాషాయం కాకుండా ఇటుక రంగు

చేతి కుట్టు, చేతి నేతల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో మూడు ఈసారి ఇటుక రంగు చుట్టూనే తిరిగాయి కనుక, వాటికి ఒకచోటనే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి మేపుల్ చెట్ల ఫొటో పంపి, అక్టోబరులో వేసుకోవడానికి ఆ ఆకుల రంగులో నా చేత్తో లాల్చీ కుట్టి పంపమన్నాడు. దుకాణంలో ఫోను పక్కన పెట్టి చూసుకుని, అదే రంగనిపించిన నేత బట్ట మూడు మీటర్లు తెచ్చాను. ఇంటికి వచ్చి వరండాలో విప్పితే అచ్చం కాషాయంలా ఉంది. "ఏ స్వాములవారికి కుడుతున్నావు?" అన్నారు మావారు. ఈ బట్ట ఇక పనికిరాదా? మళ్లీ కొనేటప్పుడు ఎలా చూసుకోవాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీరు సరిపోల్చిన రెండు వస్తువులు ఒక జాతివి కాకపోవడం వల్లనే ఈ తేడా వచ్చింది. శరదృతువులో ఆ చెట్ల ఆకుల్లో పత్రహరితం తరిగిపోయి, అంతవరకు దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ వంటి చెట్లలో దానికి తోడు ఎరుపు కొత్తగా పుడుతుంది. ఆ పల్చని ఆకులోంచి ఎండ దూరి వస్తున్నప్పుడు తీసిన ఫొటోను మీరు వెలుగు చిమ్మే ఫోను తెర మీద చూశారు. బట్టకు తనదంటూ వెలుగు లేదు. తన మీద పడిన వెలుగులో కొంత తిప్పి పంపడమే దానికి తెలిసిన పని. అందువల్ల ఆకు మెరుపును బట్టలో వెతికితే నారింజ పాలు ఎక్కువైన బట్ట చేతికొస్తుంది, మన ఊళ్లో ఆ రంగు చూడగానే మఠాలే గుర్తుకొస్తాయి.

కాషాయానికీ ఇటుక రంగుకూ మధ్య దూరం చాలా తక్కువ. రెండింటికీ మూలం నారింజే అయినా, మొదటిదానిలో పసుపు, వెలుగు ఎక్కువ. రెండవదానిలో ఎరుపు, నలుపు ఎక్కువ. కాబట్టి ఈసారి ఫోను సంచిలోనే ఉంచి, ఇంట్లోనో వీధిలోనో దొరికే వస్తువు పేరుతో రంగు అడగండి: వానకు తడిసిన ఇటుక, పోకచెక్క, నశ్యం. "మేపుల్ రంగు" అంటే కొట్లో తలా ఒకటి చూపిస్తారు గానీ, "నశ్యం రంగుకు కాస్త ఎరుపు తేలాలి" అంటే అనుభవమున్న వ్యాపారి చేయి సరైన తాను మీదికే వెళుతుంది. నచ్చిన తానును గుమ్మం బయటికి తెచ్చి, పగటి వెలుగులో, నీడపట్టున చూడండి. మడతను మాత్రమే చూసి తృప్తి పడకుండా కనీసం గజం విప్పి ఎవరి భుజం మీదనైనా వేయించండి. చిన్న ముక్కలో నిమ్మళంగా కనిపించిన రంగు పెద్ద వైశాల్యంలో ఒక మెట్టు ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అందుకే నచ్చినదానికన్నా ఒక ఛాయ ముదురు తీసుకోమని నేను ఎప్పుడూ చెబుతుంటాను.

ఆకులోని ఆ కదలిక కూడా కావాలంటే ఒక మంచి దారి ఉంది. నెమలికంఠం రంగు చీరలో పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డ పోగులు) మరొక రంగు ఉండటం వల్లనే కదిలినప్పుడల్లా రంగు మారినట్టు కనిపిస్తుంది. అదే పద్ధతిలో ఇటుక ఎరుపు పడుగు మీద నలుపు గానీ ముదురు ఆకుపచ్చ గానీ పేక వేసి నేసిన నూలు బట్టను చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య ముడతలా పట్టి వంచి చూడండి: ముడత అంచున ఎరుపు వెలుగుతుంది, లోయలో నలుపు నిలుస్తుంది. మగవారి దుస్తులకు ఇంతకన్నా హుందా అయిన రంగు నాకు తెలియదు.

ఇక మీ దగ్గరున్న మూడు మీటర్ల సంగతి. బట్ట నూలుదైతే దాన్ని పారేయనక్కరలేదు, ఇంట్లోనే ముదురు చేసుకోవచ్చు. ముందుగా గంజి పోయేలా ఉతకండి. పొడి బట్ట 400 గ్రాములు తూగితే 60 గ్రాముల కరక్కాయ పొడిని వేడి నీళ్లలో కలిపి, వడగట్టి, అందులో బట్టను ఒక రాత్రి నాననిచ్చి, పిండి నీడలో ఆరబెట్టండి. తరువాత 4 గ్రాముల అన్నభేదిని (ఇనుముతో కూడిన ఉప్పు) వేరే ప్లాస్టిక్ తొట్టిలో బట్ట పూర్తిగా మునిగేటంత నీళ్లలో కరిగించి, బట్టను తడిపి, ఒక్కసారిగా ముంచి, ఆపకుండా కదిలిస్తూ ఉండండి. కరక్కాయలోని వగరుకు ఇనుము తగలగానే బట్ట మీద మబ్బు నీడ పడినట్టు రంగు దిగుతుంది. కదిలించడం ఆపితే మచ్చలు కడతాయి. నిమిషాల్లో పని అయిపోతుంది, వెంటనే నాలుగైదు నీళ్లలో జాడించాలి. అన్నభేది ఎక్కువైతే రంగు బూడిదగా మారడమే కాకుండా నూలు కూడా చివుకుతుంది కనుక కొలత మీరవద్దు. అన్నిటికన్నా ముందు జానెడు ముక్క మీద ఇదంతా చేసి, ఆరాక చూసి, మీవారికి చూపించి, అప్పుడు మిగతా బట్ట తడపండి. ఆ తొట్టిని మళ్లీ వంటింటికి తేవద్దు.

ఈ శ్రమ వద్దనుకుంటే, ముడి నూలు రంగు లాల్చీకి ఈ బట్టతో కాలరు పట్టీ లోపలి వైపు, చేతుల మడత లోపల, పక్క చీలికల అంచున వేసి కుట్టండి. మీ అబ్బాయి చేతులు పైకి మడిచినప్పుడు మాత్రమే ఆ రంగు కనిపిస్తుంది, అంత కొద్దిలో అది కాషాయమని ఎవరికీ తోచదు.

ప్రశ్న: నాది నల్లని ఛాయ. ఇరవై ఏళ్లుగా తెలుపు, లేత నీలం షర్టులే వేసుకుంటున్నాను. ఈమధ్య నా భార్య ఇటుక రంగు చేనేత బట్టతో షర్టు కుట్టింది. "నల్లనివారికి ఈ రంగు నప్పదు" అని తోటివారు అన్నారు. నిజమేనా? దీని కిందికి ఏ రంగు ప్యాంటు బాగుంటుంది? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: నిజం కాదు, ఈ మాట మన వాళ్లలో ఎంతమంది చేత మంచి రంగులు మానిపించిందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. నల్లని ఛాయలో ఎరుపు, పసుపు, గోధుమ పాళ్లు ఉంటాయి. ఇటుక రంగులోనూ అవే ఉంటాయి. అందువల్ల మెడ దగ్గర ఈ రంగు పడితే ముఖంలోని వెచ్చదనం పైకి తేలుతుంది. తెల్ల షర్టు మీద చూపరి కన్ను ముందు బట్ట మీద పడి ఆ తరువాతే ముఖం మీదికి వెళితే, ముదురు ఇటుక రంగు మీద ముందు ముఖాన్నే చూస్తుంది. అద్దం ముందు కాకుండా కిటికీ పక్కన నిలబడి, మీ భార్యనే చూసి చెప్పమనండి.

ప్యాంటు ముదురు నీలం వేసుకోండి. రంగుల చక్రంలో నారింజకు ఎదురుగా ఉండేది నీలం, ఒకదాని పక్కన ఒకటి ఉంటే రెండూ బలపడతాయి. నీలం ముదురుగా ఉంటే ఆ బలం కంటిని కొట్టకుండా ఉంటుంది. ముడి నూలు రంగు, ఆలివ్ పచ్చ కూడా కుదురుతాయి. చలువ చేసిన తెల్ల ప్యాంటు వద్దు. పైనుంచి కింది దాకా ఇటుక రంగే వేసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు, ఈ రంగు ఒక్క వస్త్రంలో ఉన్నప్పుడే దానికి మాట ఉంటుంది.

షర్టు కుట్టినవారికి రెండు మాటలు. రీలు మీద సరిపోయినట్టు కనిపించే దారం, ఒంటి పోగుగా కుట్టులోకి వచ్చేసరికి లేతగా తేలుతుంది. కనుక బట్టకన్నా ఒక ఛాయ ముదురు దారం తీసుకోండి, కాజాలకు కూడా అదే వాడండి. తెల్ల ప్లాస్టిక్ గుండీలు ఈ రంగు మీద చుక్కల వరుసలా కనబడి చూపును కిందికి లాగుతాయి. కొబ్బరిచిప్ప గుండీలు పెట్టి చూడండి, ఆ చిప్ప మీది సన్నని గీతలు చేనేత పోగుతో చక్కగా కలుస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారి కోసం ఖాదీ కండువాకు రసాయనాలు లేకుండా ఇంట్లోనే ఈ రంగు అద్దాలని ఉంది. ఉల్లిపొట్టు సరిపోతుందా? ఎలా ఉతకాలి? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఉల్లిపొట్టు ఉన్ని మీద మంచి నారింజ ఇస్తుంది గానీ నూలు మీద ఎండకు త్వరగా వెలిసిపోతుంది. నాన్నగారు ఏళ్ల తరబడి వేసుకోవాలంటే మొక్కల వేళ్ల నుంచి తీసే రంగునే నమ్ముకోండి. శ్రీకాళహస్తిలోనూ పెడనలోనూ కలంకారీ పనివారు ఎరుపు తెచ్చే పద్ధతికి ఆధారం కరక్కాయ, పటిక, వేరు అనే ఈ మూడే: కరక్కాయ వగరు పటికను నూలులో నిలుపుతుంది, పటిక వేరులోని ఎరుపును పట్టుకుంటుంది. పూర్వం కోస్తా ఇసుక నేలల్లో దొరికే చిరువేరు ఇందుకు పేరుపొందింది. దానిలోని ఎరుపు పదార్థమైన అలిజరిన్‌ను 1868లో జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశాక వేరు రంగుల వ్యాపారం దెబ్బతిన్నది. ఇప్పుడు మీకు మూలికల దుకాణంలో తేలికగా దొరికే వేరు మంజిష్ఠ.

మొదటి జవాబులో చెప్పినట్టే కరక్కాయలో నానబెట్టి ఆరబెట్టిన కండువాను, దాని బరువులో ఐదో వంతు పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి ఉంచి, మళ్లీ ఆరబెట్టి, తేలికగా జాడించండి. కండువా ఎంత బరువుంటే అంత మంజిష్ఠ పొడి నానబెట్టిన నీళ్లలో వేసి, సన్నని సెగ మీద మెల్లగా వేడెక్కనిస్తూ గంటసేపు కదుపుతూ ఉండండి. ముందు వచ్చేది ఎరుపు; దాన్ని ఇటుక వైపు దింపడానికి చివర్లో తాంబూలంలో వేసే కాచు పొడి గుప్పెడు కరిగించి పోయండి. తడిసినప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, తొందరపడి తీయవద్దు, ఒక మూలను పిండి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి చూసుకోండి. రంగు కుదిరాక రెండు రోజులు నీడలో ఆరనిచ్చి అప్పుడు జాడించండి. ఆ తరువాత ఎప్పుడు ఉతికినా కుంకుడు రసంతో, విడిగా, చల్లని నీళ్లలో ఉతికి, లోపలి వైపు పైకి తిప్పి నీడన ఆరవేయండి. నిమ్మరసం, చింతపండు చారు ఒలికితే ఆ చోట రంగు మారిపోతుంది కనుక, భోజనానికి కూర్చునే ముందు కండువా తీసి దండెం మీద వేయమని నాన్నగారికి చెప్పండి.