‘వాట్స్ ద క్రాక్?’ అంటే ఏమిటి? అది నిజంగా ఐరిష్ మాటేనా?

ఐర్లాండ్‌లో చదువుకోవడానికి వెళ్లబోతున్న మీ తమ్ముడికి అక్కడి క్లాస్‌మేట్ ‘వాట్స్ ద క్రాక్?’ అని మెసేజ్ పెట్టాడనీ, దాని అర్థం, పుట్టుక చెప్పమనీ అడిగారు. నేను ఐర్లాండ్‌లోని గాల్వేలో చదువుకున్నాను, ఆ మాటతో బాగా పరిచయం ఉంది.

అర్థం చాలా తేలిక. ‘ఏంటి కబుర్లు?’ అంతే. నేను వెళ్లిన మొదటి వారం మా ఇంటి ఓనరు తలుపు తీయగానే అదే అడిగాడు. పగుళ్ల గురించి అడుగుతున్నాడనుకుని, బాత్రూమ్ అద్దం మూలన ఉన్న చీలిక చూపించి ‘ఇది నేను రాకముందే ఉందండీ’ అన్నాను. డిపాజిట్ టెన్షన్ అలాంటిది! ఆయన పడీ పడీ నవ్వాడు. అద్దం మాత్రం మార్పించలేదు.

జవాబుగా ‘నాట్ మచ్, యువర్‌సెల్ఫ్?’ అంటే చాలు, కష్టసుఖాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. సరదా మనిషిని ‘గుడ్ క్రాక్’ అంటారు. రాత్రి పబ్బులో పాటలూ మాటలూ బాగా సాగితే ‘ద క్రాక్ వాజ్ మైటీ’ అంటారు.

ఇక పుట్టుక. పబ్బుల బోర్డుల మీద చూసి చూసి నేనూ అచ్చమైన ఐరిష్ మాటే అనుకున్నాను. తర్వాత ఉద్యోగానికి ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వెళ్లాను. అక్కడ ఆఫీసులో ఒక పెద్దాయన, ఐర్లాండ్ మొహమే చూడనివాడు, పొద్దున్నే ‘వాట్స్ ద క్రాక్?’ అన్నాడు. ఈ ఐరిష్ మాట మీకెలా అలవాటైందని అడిగితే, మా తాత కూడా ఇలాగే అనేవాడని కాస్త గట్టిగానే చెప్పాడు.

ఆయన మాటే నిజం. పగులు, చప్పుడు అనే అర్థాలున్న ఇంగ్లీషు ‘క్రాక్’ ఉంది కదా, ఇదీ అదే. ఉత్తర ఇంగ్లండ్‌లో, స్కాట్లాండ్‌లో దానికి కబుర్లాడుకోవడం అనే అర్థం ఎప్పటినుంచో ఉంది. 18వ శతాబ్దపు స్కాటిష్ కవి రాబర్ట్ బర్న్స్ కూడా ఆ అర్థంలో వాడాడు. అక్కడినుంచి ఐర్లాండ్ ద్వీపం ఉత్తర భాగంలోని అల్‌స్టర్ ప్రాంతానికి, తర్వాత ఐరిష్ భాషలోకి చేరింది. సంప్రదాయ ఐరిష్ అక్షరమాలలో ఉన్నవి 18 అక్షరాలే, వాటిలో ‘కె’ లేదు. అందుకే crack చివర ‘ఏసీకే’ పోయి ‘ఏఐసీ’ వచ్చి craic అనే స్పెల్లింగు అయింది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఆ కొత్త వేషంతోనే మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చింది. అంటే పుట్టిల్లు ఇంగ్లీషు, మెట్టినిల్లు ఐరిష్. ఇది నకిలీ ఐరిష్ అని చిరాకుపడే ఐరిష్‌వాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ చిరాకు అనవసరం అనిపిస్తుంది. మన ‘కబురు’ మాత్రం? అరబీ ‘ఖబర్’ కదా! అక్కడ అర్థం వార్త. మనం బహువచనం చేసి ‘కబుర్లు’ అంటే కాలక్షేపం మాటలైపోయాయి.

నిజంగా ఐరిష్ నుంచే వచ్చిన మాట కావాలంటే, సేల్ ప్రకటనల్లో కనిపించే ‘గెలోర్’ ఉంది. ఐరిష్‌లో ‘గో లోర్’ అంటే కావలసినంత, బోలెడంత. ఇంగ్లీషులో ‘మెనీ ఆఫర్స్’ అంటాం కానీ ‘ఆఫర్స్ గెలోర్’ దగ్గర వరస తిరగబడుతుంది, గమనించారా? నామవాచకం తర్వాత రావడం దాని ఐరిష్ అలవాటు, వదులుకోలేదు.

మీ తమ్ముణ్ణి మాత్రం మెసేజ్‌లో స్పెల్లింగు చూసుకోమనండి. ‘సీకే’తో రాసి ‘క్రాక్ ఎక్కడ దొరుకుతుంది’ అని అడిగితే మత్తుమందు కోసం వెతుకుతున్నాడనుకుంటారు.