ఎంత, ఏ దారిన, ఎప్పుడు

బరంపురం

అమ్మాయీ,

మొక్కల మందులు రేడియేషన్ నుంచి కాపాడతాయన్న నీ వ్యాసం చేరింది. రెండో పేజీ దాకా బాగానే చదివాను. తులసి దగ్గరికి వచ్చేసరికి కాగితాలు బల్ల మీద పడేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

"కిలో బరువుకు 50 మి.గ్రా. ఓరియెంటిన్, విసెనిన్ ఎలుకల్ని రేడియేషన్ నుంచి కాపాడాయి" అని రాశావు. మణిపాల్‌లో పరిశోధకురాలు ఉమాదేవి గారి బృందం 1990లలో చేసిన పని అది.  ఆ రెండూ తులసాకు నుంచి విడదీసిన ఫ్లేవనాయిడ్లు, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం అణువులు. మోతాదు కిలోకి 50 మైక్రోగ్రాములు, అంటే 25 గ్రాముల చిట్టెలుకకి ఒకటింపావు మైక్రోగ్రాము. నువ్వు వెయ్యి రెట్లు చేసి కూర్చున్నావు. ఇచ్చింది నోటితో కాదు, కడుపు కుహరంలోకి సూదితో. అదీ రేడియేషన్‌కి అరగంట ముందు. ఫలితం? సగం ఎలుకల్ని చంపే మోతాదు మందు లేకుండా 10 అనుకుంటే, ఓరియెంటిన్ ఇచ్చాక అది 13 అయింది, విసెనిన్‌తో 13.7. మంచి ఫలితమే. దీన్ని నువ్వు "రోజూ తులసి తీర్థం చాలు"కి ఎలా తెచ్చావో నాకు అంతుబట్టలేదు.

ఈ విషయం మీద కలం పట్టినవాళ్లు ప్రతి పదార్థం పక్కనా మూడు మాటలు రాయాలి: ఎంత, ఏ దారిన, ఎప్పుడు. ఏ ఒక్కటి లేకపోయినా ఆ వాక్యం కొట్టెయ్. సంపాదకులు ఒప్పుకోరు, తెలుసు. అంకెలు పాఠకుడికి బరువంటారు, ముందు వాటినే కోస్తారు. పైగా శీర్షికలో "వంటింటి అమృతం" అని వాళ్లే తగిలిస్తారు. తిట్లు మాత్రం మన చిరునామాకి వస్తాయి.

"ఎప్పుడు" అంత ముఖ్యం ఎందుకో చెప్తాను. కణాలు రేడియేషన్‌కి "మాడిపోతాయి" అన్నావు. మాడవు. 4 గ్రే అంటే కిలో ఒంటికి 4 జౌళ్ల శక్తి. ఒళ్లంతటికీ ఒక్కసారే పడితే, వైద్యం అందని మనుషుల్లో సుమారు సగం మంది ప్రాణం తీసే మోతాదు అది. దానికి ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు. చంపేది వేడి కాదు. కణంలోని నీరు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే, దేన్నైనా కొరికే చురుకైన ముక్క పుడుతుంది. ఎక్స్, గామా కిరణాల వల్ల డీఎన్ఏకి జరిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు దాని పనే. దాని ఆయుష్షు సెకనులో సుమారు వంద కోట్లో వంతు. అంత వేగంగా పోయేదాన్ని పట్టాలంటే పట్టే అణువు ముందే డీఎన్ఏ పక్కన, మిల్లీమోలార్ స్థాయి గాఢతలో, గుంపుగా నిలబడి ఉండాలి. సాయంత్రం తాగిన కషాయం పొద్దున వేసిన కిరణం దగ్గరికి వెళ్లలేదు.

ఇక పసుపు. లెక్క నువ్వే వేసి ఉండాల్సింది. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ అందులో వందకి సుమారు మూడు పాళ్లు. చిన్న చెంచా పసుపు 3 గ్రాములనుకో, అందులో 90 మి.గ్రా. రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకునేవాళ్లలో చర్మం కమిలిపోకుండా ఇచ్చి చూసిన మోతాదు రోజుకి 6 గ్రాముల కర్క్యుమిన్. వంటింటి లెక్కలో 200 గ్రాముల పసుపు, సుమారు అరవై ఏడు చెంచాలు! 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన ఒడిశాలోని కంధమాల్ పసుపైనా సరే, ఈ లెక్కని దాటదు. ఆ 6 గ్రాముల ప్రయోగం 2013లో 30 మందితో చేస్తే మేలు కనబడింది. 2018లో 686 మందితో చేస్తే కనబడలేదు. నువ్వు మొదటిది రాసి రెండోది వదిలేశావు. మింగిన కర్క్యుమిన్‌లో చాలామటుకు పేగుల్లోంచే పోతుంది. లోపలికి వెళ్లినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. నెత్తుటిలో మిగిలేది ఎక్కువలో ఎక్కువ మైక్రోమోలార్ స్థాయి, అంటే కావలసినదానికి వెయ్యో వంతు.

అలాగని మొక్కల అణువులు వట్టివని కాదు. రాడికల్‌ని చేత్తో పట్టుకోవడం వాటి పని కాకపోవచ్చు. క్యాబేజీ జాతి కూరల నుంచి వచ్చే సల్ఫోరఫేన్, కర్క్యుమిన్ లాంటివి కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ని లేపుతాయి. అది రాడికల్స్‌ని అణిచే కణం సొంత అణువు, గ్లూటాథయోన్ తయారీని పెంచుతుంది. ఆ గ్లూటాథయోన్ కణంలో ముందునుంచే మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. దీనికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజే ఇవ్వాలన్న వాదనకి అర్థం ఉంది. నీ వ్యాసంలో అసలు చెప్పాల్సిన కథ ఇది. నువ్వు దీనికి అరవాక్యం ఇచ్చి, రాడికల్స్‌ని పట్టే శక్తిని గాజుగొట్టంలో కొలిచే డీపీపీహెచ్ పరీక్షకి ఒకటిన్నర పేజీ ఇచ్చావు. మెథనాల్‌లో ఊదా ద్రావణం పోసి, అరగంట చీకట్లో పెట్టి, 517 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత తగ్గిందో చూసే పరీక్ష అది. గాజుగొట్టానికి కాలేయం ఉండదు. పైగా ఆకు సారానికి సొంత రంగు ఉంటే, డీపీపీహెచ్ కలపని ఖాళీ నమూనాని విడిగా కొలిచి తీసెయ్యాలి. లేకపోతే అంకె తప్పే వస్తుంది.

మరో సంగతి నువ్వు ఎక్కడా ఎత్తలేదు. కవచం క్యాన్సర్ గడ్డకి కూడా దొరికితే? కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందికి విటమిన్ ఇ 400 యూనిట్లు, మొదట్లో బీటా కెరోటిన్ 30 మి.గ్రా. కూడా ఇచ్చి చూశారు. బీటా కెరోటిన్‌ని మధ్యలో ఆపేశారు. 2005లో ఫలితాలు వచ్చాయి: రేడియేషన్ బాధలు తగ్గాయి గానీ, గడ్డ అదే చోట తిరగబెట్టే ధోరణి విటమిన్ తీసుకున్నవాళ్లలో ఎక్కువ కనిపించింది. రేడియేషన్ రోజుల్లో మాత్రలు, పొడులు డాక్టరుకి చెప్పకుండా వేసుకోకూడదని ఒక్క వాక్యమైనా నీ వ్యాసంలో ఉండి తీరాలి. మన గంజాం, గజపతి ఊళ్లలో చెట్టుమందు పొట్లం లేకుండా విశాఖ రైలెక్కే రోగి అరుదు.

అమిఫోస్టిన్‌ని "రసాయన విషం" అని తోసేశావు. నోరెండడం తగ్గించడానికి అమెరికాలో 1999లో అనుమతి పొందిన మందు అది. చదరపు మీటరు ఒంటికి 200 మి.గ్రా., రేడియేషన్‌కి 15 నుంచి 30 నిమిషాల ముందు, మూడు నిమిషాల్లో నరానికి ఎక్కిస్తారు. రక్తపోటు పడిపోతుంది, వాంతులవుతాయి. అయినా ఎంత, ఏ దారిన, ఎప్పుడు అన్నవి మూడూ తేలిన మందు. ఆరోగ్యకరమైన కణజాలంలో ఎక్కువగా ఉండే ఫాస్ఫటేజ్ ఎంజైమే దాన్ని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. గడ్డకి తక్కువ అందడానికి అదొక కారణం. మొక్కల అణువులకి ఇలాంటి ఏర్పాటు ఏదని అడుగుతూ నీ నాలుగో పేజీ మళ్లీ రాయి.

రేడియేషన్ తరవాత నోరెండిన మీ మేనత్త పేరా మాత్రం ముట్టుకోకు. ఉమ్మి ఊరక, పొడి అన్నం ముద్ద అంగిట్లో అతుక్కుపోతే వేలు పెట్టి తీసుకుని, మళ్లీ చోడంబలి గిన్నె దగ్గరికి జరుపుకోవడం. అది ఆరో పేజీలో ఎందుకుంది? మొదటికి తీసుకురా. దాని వెంటనే లాలాజల గ్రంథుల లెక్క పెట్టు: చెవి కింది గ్రంథి ఒక్కదానికైనా సగటున 20 గ్రే లోపు, లేదా రెండింటికీ 25 లోపు పడేలా చూడాలని రేడియేషన్ డాక్టర్లు ప్రయత్నిస్తారు. లీటరు నీళ్లలో చిన్న చెంచా ఉప్పు, చిన్న చెంచా తినే సోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమంటారు. అదీ రాయి.

కలం పేరు, పుస్తకం సంగతి తరవాత చూద్దాం. తులసి దగ్గర మి.గ్రా.ని మైక్రోగ్రాములు చేసి, దిద్దిన కాపీ ఈ నెలలోగా పంపు. అంకెలన్నీ కొట్టొచ్చినట్టు రాయి. కంపోజింగ్‌లో మైక్రో గుర్తు మామూలుగా ఎగిరిపోతుంది, అందుకని ఆ మాట అక్షరాల్లోనే రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు