నిష్ పెర్ఫ్యూమ్ అంటే అచ్చంగా పూల నుంచి తీసిందేనా?

కాదు, నిష్ పెర్ఫ్యూమ్ అంటే కెమికల్ లేని సెంటు కాదు. అందరికీ నచ్చాలన్న లెక్క లేకుండా, తయారుచేసేవాళ్ల ఊహకు తగ్గట్టు చిన్న సంస్థలు కొద్ది మోతాదులో చేసే పరిమళం.

పెద్ద బ్రాండ్లు లక్షల మందికి అమ్మాలి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేని వాసనల వైపే మొగ్గుతాయి. నిష్ సంస్థలు పరిమళాన్ని కళగా చూస్తాయి. 2000లో పారిస్‌లో మొదలైన ఫ్రెడెరిక్ మాల్ సంస్థ, పుస్తకం మీద రచయిత పేరులా, సీసా మీద ఆ పరిమళం తయారుచేసిన కళాకారుడి పేరు వేసింది.

ముడిసరుకు సంగతి వేరు. మొగలి పువ్వునే తీసుకోండి, శ్రీకాకుళం వాళ్లకి ఆ వాసన కొత్తేమీ కాదు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పూలను రాగి పాత్రల్లో ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. ఆ వాసనకు ముఖ్య కారణం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే రసాయనం. దాన్ని ఫ్యాక్టరీలోనూ చేయొచ్చు. నిష్ కళాకారుడు ఏదైనా వాడతాడు, రెండూ కలుపుతాడు కూడా. 2006లో వచ్చిన మాలిక్యూల్ 01 అనే నిష్ పెర్ఫ్యూమ్‌లో ఉన్న సువాసన పదార్థం ఐసో ఇ సూపర్ ఒక్కటే, అదీ కృత్రిమమే!

ఖరీదైనది కాబట్టి రోజంతా నిలుస్తుందన్నది ఇంకో అపోహ. నిలవడం ధరను బట్టి కాదు, అందులోని పదార్థాలు ఎంత త్వరగా ఆవిరవుతాయి, ఎంత గాఢంగా కలిపారు అన్నదాన్ని బట్టి. నిమ్మ, నారింజ వాసనలు ఎంత పెట్టి కొన్నా తొందరగానే పోతాయి.