మామయ్య గారి పిట్ట, మీ పిల్లి, ఒకటే పెరడు

"మాది సైనిక్‌పురిలో పాత ఇండిపెండెంట్ ఇల్లు. వెనక మామిడి, జామ, వేప, సన్నజాజి తీగ, అన్నీ అత్తయ్య పెట్టినవే. ఆవిడ పోయి పది నెలలైంది. అప్పటి నుంచి మామయ్య గారు పొద్దున, సాయంత్రం పెరట్లోనే ఉంటున్నారు. అత్తయ్య పెంచిన ముసలి కుక్క టైగర్ ఆయన కాళ్ల దగ్గరే పడుకుంటుంది. మేం అద్దె ఫ్లాట్ ఖాళీ చేసి ఆయన దగ్గరికి వచ్చేటప్పుడు మా పిల్లి మిన్నును కూడా తెచ్చుకున్నాం. నీచు వండని ఇల్లు కాబట్టి దానికి పాలన్నం, పెరుగన్నమే. ఈ మధ్య సన్నజాజిలో పిగిలిపిట్ట గూడు కట్టింది. గూడు కదులుతుందేమోనని మామయ్య గారు పైపు మానేసి తీగకు చెంబుతో నీళ్లు పోసేవారు. పోయిన వారం రెండు పిల్లల్లో ఒకదాన్ని మిన్ను నోట కరుచుకొచ్చి ఆయన ముందే పడేసింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. 'ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి' అన్నారు, మా ఆరేళ్ల పాప వింటుండగానే. మా వారేమో చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తే అదే బతుకుతుంది అంటున్నారు. పాప ఏడుపు ఆపడం లేదు. ఒక పిట్ట కోసం ఇంత చేస్తారా? నేనేం చేయాలి?"

అమ్మా, ముందు ఆ "ఒక పిట్ట కోసం" అన్న మాట మనసులోంచి తీసేయండి. ఆ చెంబు సంగతి మీరే రాశారు. పిగిలిపిట్ట గుడ్లు పొదగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, పిల్లలు గూడు దాటడానికి ఇంకో పన్నెండు రోజులు, అంటే భార్య లేకుండా వచ్చిన మొదటి వసంతంలో ఆయన ఇంచుమించు నెల రోజులు ఆవిడ నాటిన తీగ మొదట్లో ఒంగి ఒంగి చెంబుతో నీళ్లు పోశారు. సంవత్సరీకం కాలేదు కాబట్టి ఈసారి మీ ఇంట్లో ఉగాది పచ్చడి కూడా ఉండదు. వేప పూసింది, మామిడి పిందె వేసింది, ఆయనకు మాత్రం పండగ లేదు. ఆ ఇంట్లో ఆయన రేపటి కోసం ఎదురుచూసే సంగతి ఏదైనా ఉందంటే అది ఆ గూడే. అది కళ్లముందే పోయింది. అన్నం సహించకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

అలాగని ఆయన అన్నదంతా సరే అనను. అదా నేనా అని తేల్చమని ఆరేళ్ల పిల్ల వింటుండగా అనకూడదు. తాతయ్యా కావాలి, మిన్నూ కావాలి అనుకునే వయసు దానిది. ఆ మాటకు అది రాత్రిళ్లు నిద్రలేచి ఏడుస్తుంది, ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది అదే. కోపం చల్లారాక ఈ సంగతి ఆయనకు మెల్లగా చెప్పొచ్చు, కానీ అది రెండో రోజు పని.

మీ వారి సలహా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంట్లో పెరిగిన పిల్లి చేపల మార్కెట్లో బతకదు, వీధి కుక్కల మధ్య వారం గడవడమే కష్టం. ఆకలికి, దాహానికి మాడిపోయేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. పైగా ఇంట్లో ఒకరికి ఇబ్బంది అయితే వాళ్లను బయట వదిలేయొచ్చు అని పాప నేర్చుకుంటుంది, నాకు అన్నిటికంటే భయం దానికే.

ఇక మిన్ను సంగతి. దాని తప్పేం లేదు, దాని కడుపు సంగతి మాత్రం మీరు చూసుకోవాలి. పిల్లికి పాలన్నం, పెరుగన్నం సరిపోవు. దానికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే రావాలి, లేకపోతే కాలం గడిచేకొద్దీ చూపు, గుండె దెబ్బతింటాయి. మీ వంటింట్లో వండక్కర్లేదమ్మా, షాపుల్లో దొరికే పిల్లుల ఫుడ్‌లో మాంసం ఎక్కువగా ఉన్నది చూసి తెచ్చి, వెనక వరండాలో విడిగా ఒక గిన్నెలో పెట్టండి. మామయ్య గారికి ముందే చెప్పి పెట్టండి, దాచి పెట్టకండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 355 పిల్లులను గమనించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. మాంసం ప్రోటీన్ ఎక్కువున్న తిండి పెట్టినప్పుడు పిల్లులు వేటాడి ఇంటికి తెచ్చినవి 36 శాతం తగ్గాయి, రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించినప్పుడు 25 శాతం తగ్గాయి. మెడలో గంట కట్టడం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి గంట కొనుక్కొచ్చి పని అయిపోయింది అనుకోకండి. ఒక కర్రకు దారం, దారానికి ఈకలాంటిది ఏదైనా కట్టి పాపతో రోజూ సాయంత్రం మిన్నును ఆడించండి, పాపకూ ఏడుపు మరిచే పని దొరుకుతుంది.

అయినా కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది, అది దాని పుట్టుక. అందుకే అసలు మందు దాన్ని లోపల ఉంచడమే. వెనక వరండాకు ఇనుప జాలీ కొట్టించండి. బాల్కనీలకు కట్టే పావురాల నెట్ చాలదు, పిల్లి కొరికేస్తుంది. మిన్ను ఆ జాలీ లోపల కూర్చుని పెరడంతా చూసుకుంటుంది, ఎండలో ఒళ్లు కాచుకుంటుంది, పిట్టలు పిట్టల పని చూసుకుంటాయి. ఇప్పుడు గూళ్ల కాలం కాబట్టి ఈ కొన్ని నెలలు దాన్ని బయటికి వదలనే వద్దు. వానాకాలం అయ్యాక వదిలినా మిట్టమధ్యాహ్నం, మీరు పక్కన ఉన్నప్పుడే. తెల్లవారుజామున, పొద్దుగుంకేటప్పుడు పిట్టలు మేతకు దిగుతాయి, పిల్లికి వేట మీద మనసు పుట్టేదీ అప్పుడే. మిన్నుకు కూడా ఇది మేలు, ఎండలు ముదిరాక పాములు రాత్రిపూట తిరుగుతాయి, పెరట్లో దానికి ఏది ఎదురవుతుందో చెప్పలేం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉండకపోతే అది కూడా చేయించండి, తిరుగుడు తగ్గుతుంది.

ఇంకో మాట. పిగిలిపిట్ట పిల్లలు సరిగ్గా ఎగరడం రాకముందే గూడు దిగిపోతాయి, రెండు మూడు రోజులు పొదల్లో, నేల మీద తచ్చాడుతుంటాయి. మిన్నుకు దొరికింది అలాంటి పిల్లే కావచ్చు. మళ్లీ ఎప్పుడైనా ఈకలు రాని పిల్ల కింద పడితే చేత్తో తీసి గూట్లో పెట్టేయొచ్చు, మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదు అనేది నిజం కాదు. ఈ సంగతి పాపకు చెప్పండి. పిగిలిపిట్టలు ఒకే సీజన్‌లో మళ్లీ గుడ్లు పెట్టడం మామూలే, మీ పెరట్లోనే మళ్లీ కట్టొచ్చు. ఈ సంగతి మాత్రం పాపతో చెప్పించండి, తాతయ్యకు.

మామయ్య గారి దగ్గరికి మీరు ఒక్కరే వెళ్లండి, మీ వారిని మధ్యవర్తిగా పంపకండి. ఆయన పెరట్లో కుర్చీ వేసుకున్నప్పుడు టీ తీసుకెళ్లి పక్కన కూర్చుని, "మిన్నును లోపల ఉంచాల్సింది మామయ్యా, తప్పు నాదే" అని అంతవరకే అనండి. పిల్లి స్వభావం అంతే కదా, ప్రకృతి ధర్మం కదా అని దాని వెనకాల ఒక్క ముక్క కూడా తగిలించకండి, ఆ మాటలు నిజమే అయినా ఆ క్షణంలో పుండు మీద కారమే. ఆయన మాట్లాడకపోయినా పర్లేదు, టీ అయ్యేదాకా కూర్చోండి. జాలీ ఎక్కడిదాకా కొట్టించాలో ఆయన్నే అడగండి. సన్నజాజి ఏ ఏడు పెట్టారు, మామిడి మొక్క ఎక్కడి నుంచి తెచ్చారు, అవీ అడగండి. అత్తయ్య పేరు ఎత్తితే ఆయన బాధపడతారని మీరంతా పది నెలలుగా ఆ పేరు ఎత్తడం లేదేమో అని నా అనుమానం. ఎత్తండి.

మీ వారిని కూడా ఒకటి అడగాలి. ఆయనకు పోయింది తల్లి. ఆవిడ పెరట్లో ఆయన చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? పిల్లిని బయట పడేస్తే గొడవ అయిపోతుంది అనుకునే మనిషికి ఆ పెరట్లోకి వెళ్లడమే కష్టంగా ఉందేమో కనుక్కోండి, గట్టిగా కాదు, రాత్రి పాప పడుకున్నాక.

మన హైదరాబాద్‌లో ఈ వసంతం ఎన్నాళ్లుంటుందమ్మా, శివరాత్రికి చలి పోయి, ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఎండ నలభైకి చేరుతుంది. ఈ కాస్త రోజులూ మీరు ఫోన్ లోపల పెట్టి పొద్దున్నే ఇరవై నిమిషాలు బయట కూర్చోండి. మందారం మీద మగ తేనెపిట్ట ఈ రోజుల్లో నల్లగా, ఊదారంగులో నిగనిగలాడుతుంది. కంసాలి సుత్తి కొట్టినట్టు టుక్ టుక్‌మనే చిన్న ఆకుపచ్చ పిట్ట ఎక్కడుందో వెతకడం పాపకు ఒక పనవుతుంది. కోయిల గొంతు ఎత్తగానే కాకులు దాన్ని తరుముతుంటాయి, ఎందుకో తాతయ్యను అడగమనండి, కాకి గూట్లో అది గుడ్లు పెట్టే కథ ఆయన మీకంటే బాగా చెబుతారు. ఉడతలు జామచెట్టు మీద ఉంటే టైగర్ ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటుంది, ముసలిది, దానికీ ఆ నీడే కావాలి. నీళ్ల మూకుడు నేల మీద కాకుండా నడుము ఎత్తు స్టాండు మీద, పొదలకు దూరంగా పెట్టండి, ఏదైనా వస్తుంటే పిట్టకు కనబడాలి. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు. ఆ మార్చే పని పాపది.

జాలీ వాళ్లను ఈ ఆదివారమే పిలిపించండి, మీ వారిని కొలతలు తీయమనండి, మామయ్య గారిని టేపు రెండో చివర పట్టుకోమనండి. అప్పటిదాకా మిన్ను మీ గదిలోనే. పది రోజులైనా ఆయన భోజనం సరిగ్గా చేయకపోతే, మీతో గానీ పాపతో గానీ మాట్లాడకపోతే ఆయన్ను డాక్టరుకు చూపించండి, నాకూ మళ్లీ రాయండి.