250 రూపాయల గులాబీ నూనె అసలుదేనా? – సమాధానం

అక్కా, హన్మకొండ చౌరస్తాలో 10 మి.లీ. గులాబీ నూనె, ఒక రోజ్ వాటర్ సీసా కొన్నానని, నూనె 250 రూపాయలని, దాని మీద "థెరప్యూటిక్ గ్రేడ్" అని ఉందని, పాప ముఖానికి రాయొచ్చా అని అడిగారు. ముందు ఆ నూనె పాపకు రాయడం ఆపండి.

కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల పూరేకులు కావాలి. అంటే మీ చిన్న సీసాకే దాదాపు 30 కిలోలు. మన పూల మార్కెట్ ధరతో లెక్కేసుకోండి, 250కి ఎట్లా వస్తది? "థెరప్యూటిక్ గ్రేడ్" ఏ ప్రభుత్వమూ ఇచ్చే ముద్ర కాదు, అమ్మేవాళ్లు వేసుకునేదే. సీసా వెనక రోసా డమాసీనా అన్న మొక్క పేరు, బ్యాచ్ నంబరు చూడండి. ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టు, అంటే నూనెలో ఏమేం ఉన్నాయో చూపే ల్యాబ్ రిపోర్టు, అడగండి.

కాగితం మీద చుక్కేసి మరక లేదని చూపిస్తే నమ్మకండి. కృత్రిమ సెంటు కూడా ఆరిపోతది, అసలైన వట్టివేరు నూనేమో మరక వదులుతది.

రోజ్ వాటర్ పదార్థాల్లో పర్ఫ్యూమ్, పాలీసార్బేట్ (నూనెను నీళ్లలో కలిపే పదార్థం) ఉంటే అది సెంటు కలిపిన నీళ్లే. అసలు రోజ్ వాటర్, అంటే హైడ్రోసాల్, పూలను ఆవిరి పట్టినప్పుడు దిగే నీరు. ప్రిజర్వేటివ్ లేదంటూనే రెండేళ్లు బయట ఉన్నా చెడదంటే ఆ సీసా అక్కడే పెట్టేసి రండి.